వంజరం పడవ, మజ్లిస్ బేరం

2018 జనవరిలో కంపెనీ నన్ను మెసయీద్ క్యాంపు స్టోరు నుంచి దోహా హెడ్డాఫీసుకు మార్చింది. హోదా సీనియర్ బయ్యర్. విభాగం తాజా సరుకులు, అంటే కూరగాయలు, మాంసం, చేపలు. మాది క్యాటరింగ్ కంపెనీ. కార్మికుల క్యాంపులకు మూడు పూటలా భోజనం వండి పంపే కాంట్రాక్టులు మావి. శుక్రవారం మధ్యాహ్నం చేపల కూర అని వాటిలో రాసి ఉంటుంది. మిగతా వారమంతా పప్పు నీళ్ళగా ఉన్నా సర్దుకునే మనుషులు శుక్రవారం ముక్క చిన్నదైతే మాత్రం ప్లేటు నెట్టేస్తారు. ఆ ఫిర్యాదు సూపర్‌వైజర్ నుంచి మేనేజరుకూ, మేనేజరు నుంచి నాకూ దిగుతుంది. నా కింద ఎవరూ లేరు కనుక అక్కడే ఆగుతుంది.

నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరు బజారులో. తాతది కిరాణా అంగడి, నాన్నది నూనె అంగడి, చిన్నాన్నది బెల్లం మండీ. గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. అలాంటి ఇంటివాణ్ణి చేపలు కొనడానికి ఎందుకు పెట్టారని మా మేనేజరును అడిగాను. లెబనాన్ మనిషి, నవ్వడం తక్కువ. నువ్వు తినవు కాబట్టి ఇంటికి పట్టుకుపోవు అన్నాడు.

తినకపోయినా చేపను చూడటం నేర్చుకోవచ్చు. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. థర్మామీటరు ముల్లు వెన్నులోకి గుచ్చితే లోపల చల్లదనం తగ్గకూడదు. ఈ పరీక్షలన్నీ చింతపండుకూ బెల్లానికీ మా వాళ్ళు చేసేవే, థర్మామీటరు ఒక్కటే కొత్త. రుచి సంగతి మా వంటమాస్టరుకు వదిలేసేవాణ్ణి. అతను నాలిక చప్పరించి తలూపితే సంతకం పెట్టేవాణ్ణి.

ఖతార్‌లో చలి మొదలయ్యే రోజులు వంజరం రోజులు. అక్కడ దాన్ని కనద్ అంటారు. వేసవి చివర్లో దాన్ని వలలతో పట్టడం నిషేధం. అక్టోబరు నడిమికి నిషేధం ఎత్తేస్తారు. నీళ్ళు చల్లబడేకొద్దీ చేప మందలుగా ఒడ్డు దిక్కుకు వస్తుంది. చీకటి పడ్డాక వల వదిలి, పడవను దాంతోపాటే కొట్టుకుపోనిచ్చి, తెల్లవారాక లాగుతారు. ఉత్తరపు గాలి లేస్తే ఒడ్డు వదలరు. గాలికీ గాలికీ మధ్య దొరికిన ప్రశాంతమే వేట. పడవ ఒడ్డుకు వచ్చాక సరుకు వేలానికి పోతుంది. వేలం పాడేవాణ్ణి దల్లాల్ అంటారు. వచ్చిన దాంట్లో ఐసూ డీజిలూ తీసేసి సగం పడవ యజమానికి, సగం పడవ మనుషులకు. జీతమంటూ ఉండదు. వేట లేకపోతే కూడూ లేదు.

అల్ వక్రా రేవులో నాకు బాగా తెలిసిన పడవ ఒక పాత చెక్క లాంచి. దాని నఖొదా, అంటే పడవ నడిపే పెద్ద, అప్పన్న. శ్రీకాకుళం తీరంవాడు, యాభై దాటినవాడు. వేలంలో నేను మొప్పలెత్తి చూస్తుంటే పక్కన నిలబడి తనవాళ్ళతో అనేవాడు: “సూడండ్రా, కూరొండని శెట్టి. పెళ్ళికూతురి పళ్ళు సూసినట్టు సూస్తన్నాడు.” నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. “నీ చేపకంటే నీ ఐసు బరువెక్కువ, ఐసుకు రేటు చెప్పు అప్పన్నా” అనేవాణ్ణి. అలా మాకు సరిపోయింది.

ఆ ఏడు అక్టోబరులో, నిషేధం ఎత్తేసిన వారంలో, అప్పన్న అల్ తుమామాలో నా ఫ్లాటు కిందికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ రానివాడు.

“పడవ అమ్మీస్తాడట బావూ, మా అర్బాబు” అన్నాడు. అర్బాబు అంటే యజమాని. పడవ, దాని మీద పనిచేసేవాళ్ళ వీసాలు, రెండూ ఆయన పేరు మీదే. ముసలాయన. కొడుకులకు ఆఫీసు ఉద్యోగాలు, పడవ అక్కర్లేదు. ఎవరో కొత్తగా రెస్టారెంటు పెడుతున్నవాడు వాకిట్లో అలంకారానికి చెక్క పడవ కావాలన్నాడట.

“దీపాలెడతారట దానికి. లోపల కుర్చీలేసి టీ ఇస్తారట” అన్నాడు అప్పన్న. “ఇప్పుడే ఇచ్చీస్తే మా అయిదుగురికీ వీసా కేన్సిలు. వేసవంతా అప్పు తిని కూకున్నాం. కోనెం వచ్చే యేల ఇంటికెల్లి ఏటి సెప్పమంటావు?” కోనెం అంటే వాళ్ళ వైపు వంజరమే.

నా దగ్గరికెందుకు వచ్చావంటే, “బేరం నీకు తెలిసినట్టు రేవులో ఎవడికి తెలుసు బావూ?” అన్నాడు. పొగడ్త అని తెలుసు. అయినా పడ్డాను. ఇందులో నా స్వార్థమూ లేకపోలేదు. ఐసు మోసం లేని పడవ రేవులో అదొక్కటే. అది పోతే నా శుక్రవారాలు దల్లాల్ దయ మీద పడతాయి.

మర్నాడు మేనేజరుతో మాట్లాడాను. మా పద్ధతి ప్రకారం ఏది కొన్నా మూడు కొటేషన్లు కావాలి. సీజన్ ఒప్పందమైతే మేనేజరు ముందే ఒక గరిష్ఠ రేటు ఆమోదించాలి. ఆ రేటు లోపల బేరం నాది, దాటితే నా ఉద్యోగం అతనిది. చలికాలమంతా ఆ పడవ చేపంతా ఒకే రేటుకు మేమే తీసుకుంటామని, యజమాని అంతవరకు పడవ అమ్మకూడదని ప్రతిపాదన. అతను ఆమోదించి గరిష్ఠ రేటు రాసిచ్చాడు.

అసర్ నమాజు, అంటే సాయంత్రం ముందటి ప్రార్థన, అయ్యాక అప్పన్నను కారులో ఎక్కించుకుని అర్బాబు మజ్లిస్‌కు వెళ్ళాను. మజ్లిస్ అంటే ఇంటి ముందు అతిథుల కోసం కట్టిన గది. గోడ పొడుగునా పరుపులు, నడుమ దల్లా అనే పొడుగు ముక్కు కూజా నిండా కాఫీ. ముసలాయన మంచి హిందీ మాట్లాడతాడు, కుర్రతనంలో బొంబాయి సరుకు దించినవాడు. నన్ను కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పన్న గుమ్మం దగ్గరే మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా, మీ దేశంలో వానలు పడ్డాయా అని ముసలాయన నన్ను అడిగాడు. అన్నిటికీ అల్ హమ్దులిల్లా, దేవుడి దయ అన్నాను. ప్రొద్దుటూరులో వాన పడి ఏడాది అయిందని అక్కడ చెప్పడం మర్యాద కాదు.

కాఫీ రెండోసారి పోశాక నేను విషయం ఎత్తకముందే ఆయనే అన్నాడు: “రెస్టారెంటు మనిషికి ఈ సాయంత్రం జవాబు చెప్తానన్నాను.”

ఈ మాట మా అంగట్లో నేను ఎన్నిసార్లు విన్నానో. “ఇంకో పార్టీ వస్తోంది రెడ్డిగారూ, సాయంత్రం దాకా ఆపుతా” అని మా నాన్న రోజూ అనేవాడు. ఆ ఇంకో పార్టీని మేమెవరమూ చూసింది లేదు. సరే, ముసలాయన కూడా మన కులపు విద్య నేర్చినవాడే అనుకుని లోపల సంతోషపడ్డాను.

నా రేటు చెప్పాను. మేనేజరు ఇచ్చిన దానికి బాగా కింద మొదలుపెట్టాను. ఆయన దేవుడి ఇచ్ఛ అన్నాడు. కొంచెం పెంచాను. చేప దేవుడు పంపేది అన్నాడు. ఇంకొంచెం పెంచాను. ఆయన మా వంటశాలలో ఎంతమంది పనిచేస్తారని అడిగాడు. ఔననడు, కాదనడు, తన రేటు చెప్పడు. ఇలాంటి ఘటాన్ని దించడానికి మా బజారులో ఒకటే మందు. లేచి గుమ్మం దాకా నడవాలి. మూడో మెట్టు దిగేలోపు వెనక నుంచి “ఇదుగో, రండి, మీ మాటే కానివ్వండి” అని వినపడుతుంది. నా జీవితంలో వినపడని రోజు లేదు.

ఖాళీ ఫింజాను, అంటే పిడిలేని చిన్న కాఫీ కప్పు, ఇటూ అటూ ఊపి పనివాడికిచ్చాను. అలా ఊపితే ఇక చాలని అర్థం, అది నాకు తెలుసు. తెలిసే చేశాను, నాటకం పూర్తిగా ఉండాలని. “సరే బాబా, మీకు ఇష్టం లేనట్టుంది” అని లేచాను. ఆయన కూడా కష్టపడి లేచాడు, నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, ఫీ అమానిల్లా అన్నాడు. దేవుడి రక్షణలో వెళ్ళమని. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

చెప్పులు తొడుక్కోవడం ఎంత ఆలస్యం చేయవచ్చో అంత చేశాను. వెనక్కి పిలుస్తాడు చూడమని అప్పన్నకు గుసగుసగా చెప్తూ కారు దాకా నడిచాను. ఇంజను వేశాను. ఏసీ చల్లబడింది. ఎవరూ పిలవలేదు.

“ఎనక్కి పిలుస్తాడన్నావు గదేటి బావూ” అన్నాడు అప్పన్న.

“పిలుస్తాడు, ఆగు.”

అప్పన్న అద్దంలోంచి ఆ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. “ఆడు పిలవడు బావూ” అన్నాడు. “ఇన్నేళ్ళలో ఎల్తానన్నోడిని ఆపగా నే సూడ్నేదు. ఆపితే తప్పంట ఈళ్ళకి. ఎల్లినోడు పనుండే ఎల్లాడనుకుంటారు.”

“ఈ మాట లోపలికెళ్ళే ముందు చెప్పొచ్చుగా?”

“నువ్వు లేస్తావని నాకేటి తెలుసు? నేనూ రేటు సెప్తావు గదా అని కూకున్నాను.”

వెనక్కి వెళ్ళడం తప్ప దారి లేదు. లేచి వచ్చిన అంగడికి తనంతట తాను తిరిగి వెళ్ళినవాడికి మా బజారులో ఒక పేరుంది, ఇక్కడ రాయను. అప్పటికే పొద్దున రెండు క్యాంపుల్లో స్టాకు చూసి, ఆఫీసులో మాటలు పడి, ఎండలో కారు నడిపి ఉన్నాను. కాళ్ళలో బేరం మిగల్లేదు.

మజ్లిస్‌లో ముసలాయన ఫోను పక్కన పెడుతున్నాడు. మళ్ళీ అదే చోట కూర్చోబెట్టాడు. కొత్త ఫింజాను వచ్చింది. ఏమైనా మరిచిపోయారా అని అడిగాడు. నేను రేటు మాటే ఎత్తలేదు. ఈ పడవ ఇప్పుడు పోతే ఈ మనిషీ ఇతని నలుగురూ ఉత్తి చేతులతో ఇంటికి పోతారు, చలికాలం అయిపోయేవరకు పడవ ఉంచండి అన్నాను. రెండు వాక్యాలు. మొదట కూర్చున్నంతసేపూ ఆ రెండు వాక్యాలు నా నోటి నుంచి రాలేదు.

ఆయన అప్పన్న వైపు చూశాడు. “నఖొదా, నువ్వెందుకు అడగలేదు?”

“మీరు పెద్దోలు బాబా. అమ్మితే అమ్ముతారు” అన్నాడు అప్పన్న తనకొచ్చిన హిందీలో.

“ఇతను చేపలు కొనడానికి వచ్చాడనుకున్నాను” అన్నాడు ముసలాయన నన్ను చూపించి. “చేపలు కొనేవాడు దల్లాల్ దగ్గరికి పోవాలి, నా దగ్గరికెందుకు వచ్చాడా అని చూస్తున్నాను. మీరు వెళ్ళారు. నేను అతనికి ఫోను చేసి మాటిచ్చాను.”

ఇంకో పార్టీ నిజంగా ఉంది. జవాబు కూడా నిజంగా ఆ సాయంత్రమే. మాటిచ్చాక అక్కడ దాన్ని వెనక్కి తీసుకోవడం ఉండదు. నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఆ ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఆలోచించాడు.

“అతను ఎంతకని అడిగాడు. చెప్పాను. చెక్క ఏ రకమని అడిగాడు. చెప్పాను. ఎప్పుడిస్తావని అడగలేదు” అన్నాడు. “పడవ ఇచ్చాను. రోజు ఇవ్వలేదు. చలి పోయాక క్రేను తెచ్చుకొమ్మంటాను. వాకిలింకా కట్టనేలేదుగా అతను.”

అప్పన్న లేచి ఆయన భుజం మీద ముద్దు పెట్టుకున్నాడు, వాళ్ళ పద్ధతిలో. నేను మాత్రం నా ఉద్యోగం గుర్తొచ్చి, మరి మా సీజన్ రేటు అని మెల్లగా అన్నాను.

“రేటు లేదు” అన్నాడు. “రోజూ వేలంలో ఏది పలికితే అది. నువ్వు సంతకం పెడతావు, నేను పెడతాను. సముద్రం పెట్టదు కదా.”

మేనేజరుకు మర్నాడు చెప్పాను. ఒప్పందం లేదు, రేటు లేదు, పడవ మాత్రం ఉంది అన్నాను. నిన్ను బేరానికి పంపానా, సంతాపానికి పంపానా అన్నాడు. ఆ చలికాలమంతా నేను అందరిలాగే వేలంలో నిలబడి అప్పన్న చేప కొన్నాను. గాలి తక్కువగా లేచిన ఏడు అది. వంజరం బాగా పడింది, బాగా పడ్డందువల్ల వేలంలో రేటు నేను ఇస్తానన్న సీజన్ రేటుకు కిందికే దిగింది. నా ఒప్పందం కుదిరి ఉంటే కంపెనీ నష్టపోయేదని మేనేజరుకు నేను చెప్పలేదు, లెక్కలు అతనికీ వచ్చు.

మార్చిలో క్రేను వచ్చింది. అప్పటికి అప్పన్న అల్ ఖోర్ రేవులో ఇంకో యజమానిని చూసుకున్నాడు. పాత అర్బాబు వీసా మార్చుకోనిచ్చాడు. అతనితో ఇద్దరు వెళ్ళారు. మిగిలిన ఇద్దరూ అప్పులు తీర్చుకుని ఇంటికి పోయారు. పడవ దీపాలతో ఉందని విన్నాను, చూడటానికి వెళ్ళలేదు.

కొనుగోలు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. లేచి వెళ్ళిపోవడమన్నది అంగట్లో పనిచేసే ఎత్తు. అవతలివాడు అమ్మడానికి కూర్చున్నప్పుడే అది పనిచేస్తుంది. ఆతిథ్యం ఇవ్వడానికి కూర్చున్నవాడి ముందు లేస్తే వెళ్ళిపోవడమే అవుతుంది. అందుకని కాఫీ తాగుతూ ఉండగానే కావలసింది ఏమిటో చెప్పాలి, రేటు దాని తర్వాత. రెండోసారి లోపలికి రానిచ్చే ఇల్లు అన్నిసార్లూ దొరకదు. అవతలివాడు ఏం అడిగాడో కాదు, ఏం అడగడం మరిచాడో చూడాలి. ఈ చివరిది నేను నేర్పించగలిగింది కాదు, ఆ ముసలాయన దగ్గర చూసింది.