నేను ఎదురు రాని రోజు

"ఆయమ్మా, నువ్వు ముందుకొచ్చి ఒక్క మాట చెప్పరాదూ? నువ్వు చెబితే ఆయన వింటారు" అంది శ్రావణి.

"నేనెందుకు బిడ్డా ముందటికి... జర పైలంగ పోయి రా" అన్నాను.

ఆ పిల్లకూ నాకూ మధ్య అవే ఆఖరి మాటలు. కరోనా పోయిన మరుసటి ఏడాది ఎండాకాలం, నాచారంలో నేను పనిచేసే ప్రసూతి దవాఖానా మెట్ల మీద.

అక్కడ నేను ఆయమ్మను. ఫ్యాక్టరీలో పనిచేసే నా మొగుడు చనిపోయిన ఏడాదే ఇక్కడ చేరాను. పక్కలు మార్చడం, పుట్టిన బిడ్డను తుడిచి తల్లి పక్కన వేయడం, గర్భిణులను స్కాన్ గదికి నడిపించుకుపోవడం నా పని. నాకు అక్షరాలు రావు. కానీ ప్రయాణం చేయకూడని గర్భిణి ఫైలు మీద మా డాక్టరమ్మ ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొడుతుంది. ఆ గీత చదవడానికి బడికి పోనక్కర్లేదు. శ్రావణి ఫైలు మీద ఆ గీత ఉంది.

ఆమెది ప్లాసెంటా ప్రీవియా. పైన ఉండాల్సిన మాయ కిందికి దిగి, బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డం పడుకుంటుంది. రక్తం ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ సంగతులన్నీ మా డాక్టరమ్మ శనివారం క్లాసులో చెబుతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూర్చోవాలని కుర్చీలు జంటగా వేయిస్తుంది. వేసేది నేనే. శ్రావణి పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీనే. మొగుడు కిరణ్ పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వరండాలో ఫోన్ పట్టుకుని తిరిగేవాడు.

ఒకసారి పోయి పిలిచాను. "బాబూ, లోపల నీ కుర్చీ నిన్ను అడుగుతున్నది."

"ఒక్క కాల్ ఆయమ్మా. అయినా తను వింటోందిగా, నాకు చెబుతుందిలే."

"పిల్ల పుట్టినంక గూడ ఆమెనే పెంచి నీకు చెప్తదా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజే లోపల డాక్టరమ్మ చెబుతోంది: "నొప్పి లేకుండా రక్తం కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. భయపడాల్సింది దానికే. ఎక్కడున్నా సరే, వెంటనే దగ్గర్లో ఉన్న పెద్ద దవాఖానాకు పోవాలి."

ఏడో నెల ఇంకో నాలుగు రోజుల్లో నిండుతుందనగా విజయవాడ నుంచి శ్రావణి తల్లి వచ్చింది, పుట్టింటికి తీసుకుపోతానని. కారు దవాఖానా ముందు ఆపి, అందరూ ఫైలు కోసం దిగారు. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది.

"అమ్మా, ఈ పిల్లను ప్రయాణం జేయొద్దన్నరు. ఎర్ర గీత సూడున్రి" అన్నాను.

"ఎనిమిదో నెల వచ్చేస్తోందమ్మా. వచ్చాక గడప దాటించకూడదు. ఇవాళ తప్పితే మళ్లీ తొమ్మిదో నెలే" అంది ఆవిడ.

"ఏసీ కారేగా ఆయమ్మా" అన్నాడు కిరణ్. "ఉప్పల్ దాటేదాకానే ఈ గుంతలు. తర్వాత అంతా హైవే."

మాయ కిందికి దిగిన పిల్లకు కారులో ఏసీ ఉంటే ఏంది, లేకుంటే ఏంది? అనలేదు. ఫైలు తెచ్చి చేతికిచ్చాను, ఈ చేత్తోనే. వాళ్లు మెట్లు దిగుతుంటే నేను ముందుకు నడవబోయాను. ఆ తల్లి నా బోసి నొసలు చూసి, గట్టిగా కూడా కాదు, మర్యాదగానే అంది: "మంచి వేళకి బయల్దేరుతున్నామమ్మా. కాస్త పక్కకి జరుగుతావా?"

జరిగాను. మొగుడు పోయినప్పటి నుంచి పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరూ చెప్పకముందే జరగడం నా కాళ్లకు అలవాటైపోయింది. స్తంభం చాటుకు పోయి నిలబడ్డాను. శ్రావణి అక్కడికి వచ్చి అడిగింది, ముందుకొచ్చి చెప్పమని. ఏం అన్నానో మొదటే చెప్పాను.

ఆమె మళ్లీ రాలేదు. రెండు మూడు నెలలకు కిరణ్ వచ్చాడు, భుజం మీద ఒక ఆడపిల్లతో, టీకా వేయించడానికి. వరండాలో బెంచీ మీద కూర్చుని తనే చెప్పాడు.

చౌటుప్పల్ దాటాక మరక కనిపించిందట. "వెనక్కి తిప్పండి, క్లాసులో చెప్పారు" అందట శ్రావణి. "నొప్పి లేదుగా తల్లీ, వేడి చేసుంటుంది" అందట తల్లి. ఇతను కారు ఆపి కొబ్బరిబోండాం కొట్టించి తాగించాడు. మళ్లీ ముందుకే పోనిచ్చాడు. గంట తర్వాత సీటు తడిసిపోయింది. దారిలో ఒక ఊరి దవాఖానాలో కడుపు కోసి బిడ్డను తీశారు. శ్రావణికి ఎక్కించడానికి చాలినంత రక్తం అక్కడ లేదు.

"నాకు తెలీదు ఆయమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తను వింటోందిగా, నాకు చెబుతుంది అంటివి గదా. ఆమె విన్నది. నీకు చెప్పింది. నువ్వు విన్నవా?"

బిడ్డ మెడ వెనక్కి వాలిపోతోంది, అది కూడా అతను చూడలేదు. "మెడ కింద చెయ్యి పెట్టు ముందుగాల! గట్ల గాదు, ఇట్ల" అని అతని చెయ్యి పట్టుకుని పెట్టాను. ఎత్తుకోవడం, తేన్పు తీయించడం ఆ పూట ఆ బెంచీ మీదే నేర్పించాను. ఆ పిల్ల కోసం నేర్పాను. అతన్ని క్షమించి కాదు.

ఆ తల్లిని ఏమనాలి? కూతురి మీద ప్రేమతోనే తీసుకుపోయింది. క్లాసు వినలేదు, నెలలు మాత్రం లెక్కపెట్టింది. మరి నేను? క్లాసు పదిసార్లు విన్నదాన్ని. విధవ ఎదురొస్తే కీడంటారు. నేను ఎదురు రాకపోవడమే ఆ రోజు కీడైంది.

ఇప్పుడు ఎర్ర గీత ఫైలున్న గర్భిణి ఊరి ప్రయాణానికి కారెక్కితే, నేను పోయి ఆ కారుకు ఎదురుగానే నిలబడతాను. మొన్న ఒక ముసలామె అద్దం దించి అరిచింది, "పొద్దుపొద్దున ముండమోపి ఎదురొచ్చింది!" అని.

"వచ్చిన. శకునం మంచిగ లేదు గదా, దిగున్రి" అన్నాను. డాక్టరమ్మ బయటికొచ్చేదాకా అడుగు తీయలేదు. వెనక సీట్లో ఉన్న పిల్ల దిగింది.

రమ్యా, రాసినవా? మేనత్తనని నా మాటలు మెత్తగ జేసినవా ఏంది? "పైలంగ పోయి రా" అన్నది కొట్టేయకు, ఉండనీ. మొదటికెళ్లి సదువు బిడ్డా, నేనేమన్ననో నా చెవులతోని ఇననీ.