మోచేతికి బీమా

బండి నా పేరు మీద ఉంది. తాళం చెవి మాత్రం మా ఇంట్లో అందరి పేరు మీదా ఉంటుంది. నేను ఎక్కడికి పోతున్నానో, ఎప్పుడొస్తానో, హెల్మెట్ కింద జడ ఎట్లా వేసుకోవాలో కూడా చెప్పేవాళ్లున్నారు. అందరికంటే ముందుండేది మా అన్న. మోటార్ సైకిల్ కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ చేత్తోనే నాకో షరతు పెట్టాడు.

"ఒక్కసారి కింద పడ్డవనుకో, బండి అమ్ముడే చెల్లె. మల్ల నన్ను అనొద్దు."

ఈ మాట అన్న మనిషి హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించుకుని తిరుగుతాడు. పోలీసులు కనిపిస్తే అది నెత్తి మీదికి వస్తుంది, వాళ్లు దాటిపోగానే మళ్లీ అద్దానికి పోతుంది. ఆయన ఇప్పటికి మూడుసార్లు పడ్డాడు. ఆయన బండిని అమ్మాలని ఇంట్లో ఒక్కరూ అనలేదు. ఈ న్యాయం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

నాది గొర్రెల మందులు అమ్మే ఏజెన్సీలో ఫీల్డు పని. మాది తరతరాలుగా గొర్లు కాసిన ఇల్లు కాబట్టి ఏ జీవాన్ని ఎట్లా పట్టుకోవాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మందల దగ్గరికి పోయి ఏ మందు ఎంత తాగించాలో చూపించి రావాలి. తాండూరు వైపు ఊళ్లన్నీ నా వంతు. వికారాబాద్‌లో రైలెక్కితే తాండూరులో దిగుతాం, నిజమే. కానీ ఏ రైలూ మంద ఉన్న చెలక దాకా పోదు. బండి లేకపోతే నాకు ఆ పని లేదు, ఆ పని లేకపోతే ఇంట్లో కూర్చుని అన్న చెప్పినట్టు వినడం తప్ప ఇంకేమీ లేదు.

అందుకే నాకు నేనే ఒక కట్టడి పెట్టుకున్నాను. జాకెట్, చేతి గ్లౌజులు, మోకాలి గార్డులు వేసుకోకుండా బండెక్కేది లేదు. మోచేతుల దగ్గర, భుజాల దగ్గర లోపల గట్టి ప్యాడ్లున్న జాకెట్ అది. మండే ఎండల్లో అది తొడుక్కుని పోతుంటే తాండూరు చాయ్ హోటల్ దగ్గర జనం ముక్కున వేలేసుకునేవాళ్లు. ఒక పెద్దమనిషి అయితే దగ్గరికొచ్చి, "మిలిటరీల పని జేస్తవా బిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను.

బండి ఇన్సూరెన్స్ గడువు దగ్గర పడ్డప్పుడు వికారాబాద్ బస్టాండు పక్కన, ఒకే గదిలో జిరాక్సులూ ఫొటోలూ ఇన్సూరెన్సులూ చేసే చాచా దగ్గరికి పోయాను. ఆయన నా మొహం చూడకుండానే చవకదొకటి తీసి ముందర పెట్టాడు. ఎదుటివాళ్లకు నష్టం జరిగితే కట్టే థర్డ్ పార్టీ పాలసీ అది.

"గిది చాలు బేటీ. పోలీసోళ్లు ఆపితే సూపియ్యొచ్చు."

"నేను పోలీసోళ్ల కోసం చేయిస్తలేను చాచా. పడితే నా జాకెట్‌కు వస్తదా?"

చాచా అప్పుడు తలెత్తాడు. పక్కన ఫొటో దిగడానికొచ్చిన మనిషి కూడా నావైపు చూశాడు.

"బట్టలకు ఇన్సూరెన్సా? రేపు చీరకు గూడ చేయమంటవ్!"

ఇద్దరూ నవ్వారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బండికి పూర్తి బీమా ఇచ్చే పాలసీలన్నీ తియ్యమన్నాను. అద్దానికి వస్తుందట, ఇండికేటర్‌కు వస్తుందట, కాలు పెట్టుకునే రాడ్డుకు కూడా వస్తుందట. అద్దం పగిలితే డబ్బులిచ్చేవాళ్లు, నా మోచేయి పగలకుండా ఆపినదానికి ఎందుకివ్వరని అడిగాను. చాచా గడ్డం గోక్కున్నాడు. ఇంతకుముందు ఎవరూ అడగలేదన్నాడు. అడగకపోవడం వాళ్ల తప్పు, నాది కాదన్నాను.

చివరికి ఆయనే ఫోన్లో ఎవరెవరినో కనుక్కున్నాడు. ఒక కంపెనీ హెల్మెట్ వరకే ఇస్తుందట. ఇంకొకటి అన్నీ ఇస్తానని పెద్ద అక్షరాల్లో రాసి, చిన్న అక్షరాల్లో మోకాలి గార్డులను తీసేసింది. మూడోది జాకెట్, గ్లౌజులు, గార్డులు, హెల్మెట్ అన్నీ పేరుపేరునా రాసింది. కొంచెం ఎక్కువ కట్టాలి, ఆ ప్రమాదంలో బండి కూడా దెబ్బతిని ఉండాలి, కొన్న రసీదులుండాలి, వాడినదానికి కొంత తగ్గిస్తారు. చిన్న అక్షరాలు కూడా మొత్తం చదివి ఆ మూడోదానికే సంతకం పెట్టాను. చాచా కాగితం చేతికిస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు.

"ఏదన్న అయితే సామాన్ ముట్టుకోవద్దు. ఎట్ల చినిగిందో అట్లనే ఉండాలె. వాళ్లు వచ్చి సూసినంకనే ఏదైనా."

నేను పడింది తాండూరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా. బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీల నుంచి పోయే లారీలు రాతిపిండి బురదను రోడ్డు మీద వదిలిపోతాయి. ఎండినప్పుడు దుమ్ము, తుంపర పడితే సబ్బు. మలుపులో బండి నా కింది నుంచి పోయింది. నేను ఎడమ మోచేతి మీద పడి చాలా దూరం జారాను. లేచి చూసుకుంటే జాకెట్ చెయ్యి మణికట్టు నుంచి మోచేయి పైదాకా చినిగి, లోపలి ప్యాడ్ అరిగిపోయింది. గ్లౌజు ఒకటి చినిగిపోయింది. మోకాలి గార్డు విరిగింది. బండికి అద్దం పగిలి, హ్యాండిల్ వంగింది. నా చర్మం మాత్రం ఎక్కడా లేవలేదు. రోడ్డు పక్కన కూర్చుని, చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ పిచ్చిదానిలా నవ్వాను.

అన్న ఆ రోజుల్లో మందతో బయట ఉన్నాడు. మూడో రోజుకు గాని రాడు. అమ్మకు మాత్రం బండి కొంచెం జారిందని చెప్పి, జాకెట్‌ను తీగ మీద వేశాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. మర్నాడు పొద్దున బండిని వికారాబాద్ గ్యారేజీలో పెట్టి, చాచాకు చెప్పి, ఇంటికొచ్చేసరికి జాకెట్ అమ్మ ఒళ్లో ఉంది. చినుగు లేదు. నల్లటి ఉన్ని దారంతో, గొంగడి ముక్కలను జోడించే కుట్టుతో, మణికట్టు నుంచి మోచేయి పైదాకా కుట్టేసింది.

మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. చినిగింది చినిగినట్టు గడప దాటకూడదు. గొర్ల వెంట పోయే గొంగడికి ముల్లు గీరుకున్నా ఆ పూటకే కుట్టాలి. ఆ సంగతి తెలిసీ జాకెట్‌ను తీగ మీద వదిలిపోయినందుకు నన్ను నేను తిట్టుకోవాలి. కానీ ఆమె మీద ఒంటికాలి మీద లేచాను.

"కొంప ముంచినవ్ గదనే! గిప్పుడు వాళ్లకు ఏం సూపియ్యాలె?"

అమ్మ దారం పళ్లతో కొరికి, సూదిని పైటకు గుచ్చుకుని లేచి లోపలికి పోయింది.

బీమా కంపెనీ సర్వేయర్ మూడో రోజు గ్యారేజీకి వచ్చాడు. అమ్మ తనూ వస్తానంటే ఆటోలో తీసుకుపోయాను. ఆయన బండి ఫొటోలు తీసుకున్నాడు, విరిగిన గార్డు, చినిగిన గ్లౌజు చూశాడు, జాకెట్ చేతిలోకి తీసుకున్నాడు.

"డ్యామేజీ ఎక్కడుందమ్మా? ఇది బాగానే ఉంది కదా."

అమ్మ కుట్టేసిందని చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. తను చూడకముందే బాగు చేసినదాన్ని రాయడం కుదరదన్నాడు. జాకెట్ లేకపోతే నేను బండెక్కను. మెకానిక్‌ను బ్లేడు అడిగాను, సర్వేయర్ కళ్ల ముందే కోసి చూపిస్తానన్నాను. బ్లేడు చేతికి రాకముందే అమ్మ జాకెట్ లాక్కుంది.

"నువ్వు కోస్తే బట్ట పోతది. నేను ఇప్పుత."

నేల మీద కూర్చుని, పైటకున్న సూది తీసి, ఒక్కొక్క కుట్టే లేపింది. అంత బిగువుగా కుట్టినదాన్ని విప్పడానికి చాలాసేపు పట్టింది. సర్వేయర్ వాచీ చూసుకోవడం మానేసి పక్కనే నిలబడ్డాడు. జాకెట్ చెయ్యి తెరుచుకుంది. పైన తడిగుడ్డతో తుడిచినా మడతల్లో రాతిపిండి తెల్లగా అట్లాగే ఉంది. ప్యాడ్ మీద రోడ్డు గీసిన గాట్లు వరసగా కనిపించాయి. ఆయన వంగి వంగి ఫొటోలు తీశాడు.

"ఇంత కష్టపడి ఎందుకు కుట్టావమ్మా? కూతురు చెప్పలేదా?"

"చెప్పలే. చెప్పినా కుడుతుంటి సారూ," అంది అమ్మ, తల ఎత్తకుండా. "గా చింపు నా కొడుకు సూస్తే బండి అమ్మిపిస్తడు. వాడు మందకాడికెళ్లి వచ్చేలోపల కనపడకుంట జెయ్యాలనుకున్న. దీనికి బండి లేకపోతే ఊపిరాడది."

ముందు రోజు నుంచి ఆమెతో సరిగా మాట్లాడనిది నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చేతిని పట్టుకుందామనుకున్నాను గాని, ఆ చేతిలో సూది ఉంది, అప్పటికే దారం ఎక్కిస్తోంది.

"ఫొటువలు అయినయ్ గదా సారూ? నా కొడుకు ఇంటికొచ్చి ఉంటడు. మల్ల కుట్టేస్త."

"వద్దమ్మా," అన్నాను. "ఇట్లనే వేసుకుంట."

సర్వేయర్ జాకెట్‌కూ గార్డులకూ పాస్ చేస్తానని రాసుకున్నాడు. గ్లౌజులకు నా దగ్గర రసీదు లేదు, ఆ డబ్బులు పోయాయి. మధ్యాహ్నపు ఎండలో, తెరుచుకున్న జాకెట్ చేతిని వేలాడేసుకుని, ఆటోలో ఇంటికి పోయాను. అమ్మ దారి పొడుగునా ఆ చింపును కొంగుతో కప్పబోయింది. నేను ప్రతిసారీ కొంగు తీసేశాను.

అన్న వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. చింపు చూశాడు. చెంబు కింద పెట్టాడు.

"పడ్డవా?"

"పడ్డ."

"నేనేం చెప్పిన?"

"అమ్ముడే అన్నవ్. అమ్మను. పడ్డ అన్నా, మల్ల గూడ పడొచ్చు. బండి మాత్రం నడుపుత."

అమ్మ నా వెనకాల నిలబడింది. అన్న దగ్గరికొచ్చి, నా మోచేతిని పట్టుకుని, కుంటే గొర్రెపిల్ల కాలును చూసినట్టు ఎముక పొడుగునా బొటనవేలితో నొక్కుతూ పోయాడు. మడిచాడు, చాచాడు, మళ్లీ మడిచాడు.

"నొస్తుందా?"

"లేదు."

ఆయన చెయ్యి వదిలేసి మిగిలిన కాలు కడుక్కున్నాడు. ఆ తర్వాత బండి అమ్మే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.