నేను గెలిపించిన రేసులు

ధర్మవరంలో పట్టుచీర మడతపెట్టేటప్పుడు జరీకి జరీ రాసుకోకుండా మధ్యలో నున్నటి కాగితం పెడతాం. అందుకోసం మా షావుకారు బెంగళూరు నుంచి పాత ఇంగ్లీషు పత్రికలు తూకానికి తెప్పించి, పేజీలు చించి, మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ ఒక కట్ట పంపేవాడు. మా ఇంట్లో మడతలు పెట్టే పని నాది. డెబ్బైల చివర్లో, పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆ కట్టల్లోనే నాకొక ఫ్రాన్సు దేశపు రేసు డ్రైవరు దొరికాడు.

పైకప్పు లేని కారు, నాలుగు చక్రాలూ బయటికే. అందులో నడుము దాకా దిగి కూర్చున్న మనిషి. అచ్చం మగ్గం గుంతలో మా నాయన కూర్చున్నట్టే ఉన్నాడని నవ్వుకున్నాను. పల్లెలో కార్లు బాగుచేసే షెడ్డు నుంచి చిన్న రేసులకూ, అక్కడి నుంచి పెద్ద రేసులకూ ఎట్లా ఎక్కాడో కూడబలుక్కుని చదివాను. ఆయన పేజీలు మాత్రం చీరల్లో పెట్టకుండా దాచుకునేదాన్ని.

ఆ ఏడే నాయన పట్టు మూట దించబోయి బస్సు మీది నుంచి పడ్డాడు. రెండు కాళ్లూ విరిగాయి. కట్లు విప్పాక కూడా మగ్గం వైపు చూడలేదు.

"గుంతలోకి దిగితే మల్లా పైకి రాలేను పాపా" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మగ్గం తొక్కకపోతే నాయన బతకడని నాకు భయం పట్టుకుంది.

నాయన పడిన నెలలోనే వచ్చిన కట్టలో నా డ్రైవరు కారు తుక్కుతుక్కై కనిపించింది. ఆయనకూ రెండు కాళ్లూ నుజ్జయ్యాయట, ఆస్పత్రిలో ఉన్నాడట. ఒకే నెలలో ఇద్దరా!

మూడు నెలలకు వచ్చిన కట్టలో అదే మనిషి, మెడలో పెద్ద దండతో, కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. పరిగెత్తాను.

"సూడు నాయనా, ఈయప్పకు గూడా రెండు కాళ్లూ ఇరిగినాయి. మల్లా గెలిచినాడు!"

"నిలబడుకోనుండాడే!" అన్నాడు నాయన. చాలాసేపు చూశాడు. మర్నాడు గోడ పట్టుకుంటూ వచ్చి గుంతలోకి దిగాడు.

నాయన పడ్డాక నేసిన మొదటి చీర మగ్గం దిగింది. దాన్ని మడతపెడుతుంటే కొత్త కట్టలో నల్లగీతల మధ్య నా డ్రైవరు బొమ్మ కనబడింది. చావు అనే మాటకు ఇంగ్లీషు నాకు వచ్చు. ఆ ప్రమాదం జరిగిన వారానికే, ఆ ఆస్పత్రిలోనే పోయాడు. నమ్మలేక దాచినవన్నీ బయటికి లాగి, పేజీల అడుగున ఉన్న తేదీలు మొదటిసారి చూశాను. దండ వేసుకున్న బొమ్మ ప్రమాదానికి ముందటి ఏటిది. చించిన పేజీలు మాకు ఎట్లా అంటే అట్లా వచ్చేవి. చివర చేతికొచ్చిందే చివర జరిగిందనుకున్నాను. నా తెలివికి చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

గుంతలోంచి నాయన అడిగాడు. "ఏం పాపా, మనోడు గెలిచినాడా?"

"గెలిచినాడు నాయనా."

అంత సులువుగా ఎట్లా వచ్చిందో ఆ అబద్ధం, ఇప్పటికీ నాకు దిగ్భ్రమే.

ఎనభైలంతా నాయనకు కథలు చెప్తూ ఆ డ్రైవరు చేత రేసులు నడిపించాను. అట్లాసులో కనబడిన ప్రతి దేశంలోనూ గెలిపించాను. మరీ అతిగా ఉంటుందని ఒకసారి టైరు పేల్చి ఓడించాను. ఆ పూట నాయన సంగటి ముట్టలేదు. మళ్లీ ఓడించలేదు.

చూపు మందగించాక ఒక సాయంత్రం నాయన గుంతలోంచి పైకొచ్చి, మోకాళ్లు రుద్దుకుంటూ అన్నాడు.

"ఇంక నేను దిగను పాపా. ఆయప్పకు గూడా సాలని ఒక జాబు రాయి. ఎన్నేండ్లని తొక్కుతాడు? ఇంటికి పోయి పెండ్లాం బిడ్డలతో ఉండనీ."

ఆ డ్రైవరుకు ఇల్లొకటి ఉంటుందని, అక్కడ ఏడ్చినవాళ్లు ఉంటారని ఇన్నేళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

"రాస్తాలే నాయనా" అన్నాను. లోపలికి పోయి నల్లగీతల పేజీ తీసుకుని, ఆయన పోయిన పదేళ్లకు, ఆ మనిషి కోసం మొదటిసారి ఏడ్చాను.