మా లారీ మోసిన సబ్జెక్టులు

"ఏమ్మా, నీకు బుర్ర తక్కువా, తీరిక ఎక్కువా?"

గణాంకాల మాస్టారు అరవై మంది ముందు నిలబెట్టి అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్న అమ్మాయి పుల్లలా సన్నగా ఉంటుంది. చేతిలో మూడు నోటుపుస్తకాలు, చంకలో రెండు, పళ్ల మధ్య పెన్ను. పెన్ను తీసి, కాసేపు నిజాయితీగా ఆలోచించి, "రెండూ ఉన్నాయి సార్" అంది. క్లాసు గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. జవాబులో ఎక్కడ తప్పు పట్టాలో ఆయనకి తెలియలేదు.

మా కాలేజీలో సెమిస్టరుకి అయిదు సబ్జెక్టులు తీసుకుంటే చాలు. ఈమె ఏడుకి తగ్గేది కాదు. ఒకసారి తొమ్మిది దాకా వెళ్లింది. అందుకే అందరూ ఆమెని లారీ అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, నలభై కిలోల మనిషికి అతికినట్టు సరిపోయింది. పిలిస్తే పలికేది కూడా. అసలు పేరు పెట్టి పిలిస్తేనే అటూ ఇటూ చూసేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, చివరి సెమిస్టరులో నా డిగ్రీ ఒకే ఒక్క మనిషి దగ్గర ఆగిపోయింది. అది తెలియాలంటే ముందు లారీ తెలియాలి.

రెండో సెమిస్టరులో నేను ఆమె గదికి మారాను. సబ్జెక్టులు రాయించుకునే వారంలో మేమంతా మొదటి రోజే ఆఫీసు కిటికీ ముందు తోసుకునేవాళ్లం. మార్కులు ధారాళంగా వేసే మాస్టార్లు ఎవరు, హాజరు పట్టించుకోని మేడమ్‌లు ఎవరు అని సీనియర్ల దగ్గర ఆరా తీసి, ఆ సీట్ల కోసం మోచేతులు వాడేవాళ్లం. లారీ తన అయిదూ మాతోపాటే రాయించుకునేది. ఆ తర్వాత చివరి రోజు, కిటికీ మూసే వేళకి మళ్లీ వెళ్లి, చేతినిండా పసుపుపచ్చ చీటీలతో తిరిగొచ్చేది.

"ఏంటే ఇవి?"

"కీటకాలు."

"అది?"

"మట్టి. నేలల రకాలు. ఇంకోటి పాత కాగితాలకి చెదలు పట్టకుండా చూడటం."

"కీటకాలు చదివి, వాటిని రాకుండా చూడటం కూడా చదువుతావా?"

"ఉండనీవే" అనేది. ఏ ప్రశ్నకైనా ఆమె దగ్గర ఇదే జవాబు.

ఆ సెమిస్టరులో కీటకాల క్లాసూ, మట్టి క్లాసూ ఒకే గంటలో పడ్డాయి. ఒకటి కింది అంతస్తు, ఇంకోటి మూడో అంతస్తు. మామూలు మనిషైతే ఒకటి వదిలేస్తుంది. లారీ ఇద్దరు మాస్టార్లనీ మెట్ల మీద ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడించింది.

"మొదటి అరగంట నాకివ్వండి" అన్నారు కీటకాల మాస్టారు.

"మీరెప్పుడూ అరగంటకి ఆపరు కదండీ. పిల్ల నా దగ్గరికి వచ్చేసరికి గంట కొడతారు."

"అయితే సోమవారం నాకు ముందు, బుధవారం మీకు ముందు."

అలా ఒప్పందం కుదిరింది. ఒకాయన హాజరు మొదట పిలిచేవారు, ఇంకొకాయన చివర పిలిచేవారు. మధ్యలో మూడు అంతస్తుల మెట్ల మీద లారీ. ఏ గదిలో లేకపోతే ఆ గదిలో ఆమె గొడుగు బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు మట్టి మాస్టారు పొరపాటున గొడుగుని ప్రశ్న అడిగారని చెప్పుకునేవాళ్లు. జవాబు లారీ చెప్పేదానికంటే మెరుగ్గానే వచ్చిందని కూడా.

మిగతావాళ్లం క్లాసుల గురించి గంటలకొద్దీ ఏడ్చుకునేవాళ్లం. ఫలానా సార్ గొంతు వింటే నిద్ర వస్తుంది, ఫలానా మేడమ్ బోర్డు మీద రాసింది మేడమ్‌కే అర్థం కాదు, ఈ సెమిస్టరు నన్ను మింగేస్తోంది అంటూ. క్యాంటీన్‌లో చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని అలా ఏడవడం ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. ఆ ఏడుపులో లారీ మాత్రం ఎప్పుడూ కలిసేది కాదు.

"కీటకాల క్లాసు ఎలా ఉందే?"

"పదిమందిమి వచ్చాం."

"పాఠం ఎలా ఉందని అడుగుతున్నా."

"సార్ కొత్త చొక్కా వేసుకొచ్చారు."

"నీకేమైనా అర్థమైందా అసలు?"

"చీమకి ఆరు కాళ్లట." వేళ్లు మడిచి చూపించి, "లెక్కపెడుతుండగానే మట్టి క్లాసుకి టైమైపోయింది."

దీన్ని జ్ఞానతృష్ణ అనుకున్నవాళ్లు లేకపోలేదు. కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారు ఆమెని వేదిక ఎక్కించి, విద్య మీద భక్తికి నిలువెత్తు రూపం అని పావుగంట మాట్లాడారు. సరిగ్గా అదే రోజు ఫలితాలు వచ్చాయి. నిలువెత్తు రూపం మూడింటిలో తప్పింది. అయిదు గట్టెక్కితే డిగ్రీకి అడ్డంకి లేదు. కానీ తప్పిన ప్రతి అదనపు సబ్జెక్టూ మార్కుల పట్టీ మీద ఎర్ర సిరాతో ఉండిపోతుంది. మా పట్టీల్లో మార్కులు ఉండేవి. ఆమె పట్టీ అంతా చీమలు కుట్టినట్టు ఎర్రగా ఉండేది.

ఆ ఎర్ర సిరా వాళ్లక్క కంట్లో పడింది. అక్క కుట్టుమిషను మీద ఇల్లు నడిపే మనిషి, మాట కూడా సూదిలాగే ఉంటుంది. చివరి సెమిస్టరు మొదలయ్యే రోజున స్వయంగా బస్సు దిగి, చెల్లెలి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ పక్కనే ఉన్నాను.

కిటికీ వెనక కూర్చునే గుమాస్తాని అందరం కిటికీ బాబాయి అనేవాళ్లం. ఆయన్ని నడుము కింద చూసినవాళ్లు కాలేజీలో లేరు.

"అయిదు రాయండి. అయిదంటే అయిదు. ఆరోది రాశారంటే మళ్లీ వస్తాను" అంది అక్క.

"రాయనమ్మా" అన్నాడు బాబాయి, పెన్ను మూత కూడా తీయకుండా భయపడుతూ.

"ఇది ఏడ్చినా రాయకండి."

"నేనెందుకు ఏడుస్తానక్కా?"

"నువ్వు ఏడవవు. అదే నా ఏడుపు."

లారీ అయిదే రాయించుకుంది. హాస్టల్లో ఈ వార్త విని నమ్మినవాళ్లు తక్కువ. నేను నమ్మాను, ఆ సాయంత్రం మనస్ఫూర్తిగా ఎగతాళి కూడా చేశాను. "ఖాళీ లారీ చాలా చప్పుడు చేస్తుందట, జాగ్రత్త" అన్నాను. నవ్వింది.

నాలుగు రోజులు తిరక్కుండానే నా నవ్వు ఆగిపోయింది. నాకు డిగ్రీ రావాలంటే మిగిలింది ఒక్క మ్యాపుల తయారీ. ఉదయం ఎనిమిదికి క్లాసని రెండుసార్లు తప్పించుకుంటూ వచ్చాను, ఇక తప్పదు. సర్వే ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది. సెమిస్టరు అవ్వగానే పట్టా తెచ్చి చేరమన్నారు, లేకపోతే జాబితాలో తర్వాతివాళ్లని పిలుస్తామన్నారు. తీరా చూస్తే మ్యాపులకి పేర్లిచ్చింది తొమ్మిది మంది. పదిమంది లేని ఐచ్ఛికాన్ని మా కాలేజీ ఎత్తేస్తుంది. మళ్లీ వచ్చే ఏడాదే.

కనిపించిన ప్రతివాళ్లనీ బతిమాలాను. ఎనిమిదింటి క్లాసా అని అందరూ దండం పెట్టారు. గదిలో మాత్రం నోరెత్తలేదు. మూడేళ్లు వెక్కిరించిన మనిషిని ఏ మొహం పెట్టుకుని అడగను? పైగా వాళ్లక్క చూపు నా కళ్లముందే ఉంది.

చివరి రోజు సాయంత్రం గోడమీద జాబితా అంటించారు. నేను దాన్ని కింద నుంచి పైకి చదివాను, చెడ్డ వార్తలు అలా చదివితే కాస్త నెమ్మదిగా వస్తాయని. మొదట కనిపించిందే పదో నంబరు. దాని పక్కన పేరు. ఎవరిదో అనుకుని ముందుకు వెళ్లిపోబోయాను. లారీకి అసలు పేరొకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. బాబాయి రెక్కలు మూస్తున్నాడు.

"బాబాయ్, అయిదే అన్నారు కదా."

"నన్నడక్కమ్మా. వాళ్లక్క వస్తే నేను ఊళ్లో లేనని చెప్పు."

"మీరెందుకు రాశారు?"

"ఎందుకు రాయను? మూడేళ్లుగా చివరి రోజు వచ్చి అడిగేది ఒకటే మాట. తొమ్మిది దగ్గర ఆగినవి ఏమున్నాయి బాబాయ్ అని. కీటకాలు, మట్టి, చెదలు, అన్నీ అలా నిలబడ్డవే. ఈసారి అయిదుతో సరిపెట్టుకుందనుకున్నా. మూడున్నరకి వచ్చింది. ఒక్కటే ఆగింది తల్లీ, మ్యాపులు అన్నా. రాసెయ్యమంది."

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మట్టి మాస్టారికి క్లాసుల లెక్కన జీతం. కొత్త చొక్కాలో కీటకాల మాస్టారు. నేనేమో మూడేళ్లు గొడుగు మీద జోకులేస్తూ గడిపాను.

లారీ హాస్టల్ మెట్ల మీద కూర్చుని చెప్పు తెగితే పిన్నీసు గుచ్చుతోంది. దారిలో కృతజ్ఞతగా చెప్పాల్సిన మాటలు మూడు వాక్యాలు కూడబలుక్కున్నాను. మొదటి వాక్యం సగంలో ఉండగానే ఆమె తలెత్తింది.

"అదేంటే, ఆ తొమ్మిదిలో నువ్వూ ఉన్నావా?"

"తెలీదా నీకు?"

"పేర్లెవరు చూస్తారు? బాబాయి తొమ్మిదన్నాడు." ఆమె మొహం వెలిగింది. "అయితే నేను పుస్తకం కొనక్కర్లేదు."

నా మిగతా రెండున్నర వాక్యాలూ అక్కడే వదిలేశాను. పక్కన కూర్చున్నాను.

"ఎందుకే ఇదంతా?"

పిన్నీసు వంక చూస్తూ చెప్పింది. "ఈ కాలేజీకి నేను ఖగోళం కోసం వచ్చాను. మొదటి సెమిస్టరులోనే రాయించుకున్నా. తొమ్మిది మందిమే అయ్యాం, ఎత్తేశారు. ఆ సార్ వేరే ఊరు వెళ్లిపోయారు. మళ్లీ పెట్టలేదు."

"పాపం, తొమ్మిదిమందీ ఏడ్చి ఉంటారు."

"లేదే. ఎనిమిదిమంది సంతోషంగా ఇళ్లకి వెళ్లారు. అయినా మిగతాచోట్ల కూడా నాలాంటివాళ్లు ఒకళ్లు ఉంటారు కదా అని." చెప్పు వేసుకుని రెండడుగులు నడిచి చూసుకుంది. "అక్కకి చెప్పకు."

మ్యాపుల క్లాసు నిలబడింది. ఎనిమిదింటికి పదిమందిమి ఆవలిస్తూ కూర్చునేవాళ్లం. మేడమ్ కిటికీ తెరిచి, బల్ల మీద పెద్ద కాగితం పరిచి, అంచులకి సుద్దముక్కల డబ్బాలు బరువు పెట్టేది. కాలేజీ ఆవరణకి మ్యాపు గీయమంటే లారీ గీసినదాంట్లో క్యాంటీన్ లైబ్రరీకి నాలుగింతలు వచ్చింది. "అమ్మాయ్, ఇది పట్టుకుని లైబ్రరీకి బయల్దేరినవాళ్లు డిగ్రీ అయ్యేలోపు చేరరు" అంది మేడమ్. పరీక్షల ముందు రోజూ మధ్యాహ్నం ఒక గంట నేను ఆమెకి స్కేలు పట్టుకోవడం నేర్పాను. ముప్పై అయిదు వచ్చాయి, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ సెమిస్టరు పట్టీ మీద ఎర్ర సిరా పడలేదు. అక్క దాన్ని రెండువైపులా తిప్పి చూసి, ఆరు అంకెలున్నాయని గమనించి, మొదటిసారి ఏమీ అనలేదట.

నేను పట్టా తీసుకోవడానికి వెళ్లినప్పుడు బాబాయి ఇంకో సంగతి చెప్పాడు. అయిదు దాటితే ప్రతి సబ్జెక్టుకీ విడిగా ఫీజు కట్టాలట. ఇంతకాలం లారీ మా అందరి ప్రాజెక్టు రిపోర్టులూ టైపు చేసి పెట్టి, పేజీకింతని ముక్కుపిండి వసూలు చేసింది. అదెందుకో అప్పుడు తెలిసింది. నేను అప్పటిదాకా ఆమెని పిసినారి అనుకున్నాను.

మొదటి జీతంలోంచి మ్యాపుల ఫీజు తీసుకెళ్తే పుచ్చుకోలేదు. ఇరవై ఆరేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. మొన్న ఫోన్లో గట్టిగా, వడ్డీతో సహా ఇస్తానన్నాను.

"వడ్డీ లెక్కలు నాకు రావే" అంది. "అవి చెప్పే క్లాసులో ఎప్పుడూ వందమంది ఉండేవాళ్లు. నేను చేరాల్సిన అవసరం రాలేదు."

ఫీజు నూట ఎనభై. ఇంకా ఇవ్వలేదు.