రెండు దస్తీలు, ఒక సీటు

ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో ఈ రోజు జడ్చర్లలో మా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కోపమొస్తే కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకోమని సారు పొద్దంతా చెప్పారు.

సాయంత్రం బస్సు రాగానే కిటికీలోంచి సీట్లో నా దస్తీ వేశాను. ఎక్కి చూస్తే దాని మీద ఇంకో దస్తీ. అది ఆ సారుదే!

“నాదే ముందుగాల పడ్డది మేడం!” అని గొంతు చించుకున్నారు.

“సార్, జర కండ్లు మూసి ఊపిరి తీస్కోండ్రి,” అన్నాను.

“గది క్లాసు ముచ్చట. ఇది సీటు ముచ్చట!”

మేమిలా అరుచుకుంటుండగానే ఒక అవ్వ వచ్చి, రెండు దస్తీల మీదా కూర్చుని కళ్లు మూసుకుంది.

మహబూబ్‌నగర్ దాకా మేమిద్దరం ఒకే కడ్డీ పట్టుకుని, నిలబడే మెల్లగా ఊపిరి తీసుకున్నాం. అవ్వను లేపి దస్తీ అడిగే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?