గోడ దాటని రౌటర్

పిడుగు పడి మా ఇంట్లో రౌటర్ కాలిపోయిన రోజు నేను లోపల్లోపల సంతోషించాను. పైకి మాత్రం అయ్యో అన్నాను.

కనెక్షన్ మాదే గానీ నెట్ మా యారాలి ఇంట్లో కూడా వచ్చేది. యారాలంటే మా మరిది భార్య. వికారాబాద్‌లో ఒకే ఇంటిని రెండు చేసుకుని, మధ్యన తాండూరు బండలతో గోడ కట్టించుకున్నాం. వాళ్ళ వైపు ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. నాలుగేళ్ళుగా ఆమె కూతురి చదువంతా మా రౌటర్ మీదే సాగింది. సోమవారం పదకొండు గంటలకు ఆ పిల్లకు ఉద్యోగం కోసం వీడియోలో ఇంటర్వ్యూ ఉంది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

అంతకు వారం ముందు చుట్టాలింట్లో పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల ఫంక్షన్. నా ఫోన్ మోగుతుంటే ఎలా ఎత్తాలో తెలియక అటూ ఇటూ తిప్పుతున్నాను. యారాలు పదిమందిలో గట్టిగా అంది: "మా బిడ్డ లేకుంటే మా అక్కకు ఫోన్ ఎత్తుడు గూడ రాదు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధమైతే అక్కడే కడిగేసేదాన్ని. నిజమైపోయింది కాబట్టి కడుపులో దాచుకున్నాను.

కొత్త రౌటర్ కోసం రైలెక్కి తాండూరు పోయాను. వికారాబాద్‌లో కొంటే ఏది కొన్నానో సాయంత్రానికల్లా యారాలికి తెలిసిపోతుంది.

"గోడలు ఇటుకవా అమ్మా, బండవా?" అని అడిగాడు షాపాయన.

"బండవే."

"అయితే గిది తీస్కోండ్రి. నాలుగు యాంటెనాలు. మస్తు దూరం వస్తది."

"గంత దూరం వద్దు. ఒక్క గోడ గూడ దాటనిది చూపియ్యి."

ఆయన నా ముఖం వంక చూశాడు. "గసొంటిది ఎవ్వరూ అడగరమ్మా," అంటూ కింది అరలోంచి ఒక చిన్న డబ్బా తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. అంత ఇష్టంగా నేను బంగారం కూడా కొనలేదు.

ఇంటికొచ్చాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. దాన్ని బిగించడం ఎవరికొచ్చు? నాకు రాదు, మా ఆయనకు రాదు. పాతది బిగించింది ఆ పిల్లే. వేరే ఎవరినైనా పిలిపిస్తే రెండు రోజులు పట్టేది. నేను సిగ్గు లేకుండా ఆ పిల్లనే పిలిచాను.

వచ్చింది. డబ్బా మీద రాసింది చదివింది.

"పెద్దమ్మా, గిది గోడ దాటదు."

"షాపుల గిదే ఉండె బిడ్డా."

"ఎక్కడ పెట్టాలె?"

వాళ్ళ గోడకు బాగా దూరంగా ఉన్న మూలను చూపించాను. ఆ పిల్ల స్టూలెక్కి, వైర్లు కలిపి, నా ఫోన్ తీసుకుని ఏవేవో నొక్కింది. ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

"ఏం ఫికర్ లేదు పెద్దమ్మా. సోమవారం పొద్దుగాల వచ్చి మీ ఇంట్లనే కూసుంట. పాత పాస్‌వర్డే పెట్టనా?"

ఆ దారి ఒకటుందని నాకు తట్టనే లేదు. యారాలి మాట, ఆ నవ్వులు మళ్ళీ చెవుల్లో మోగాయి.

"వద్దు," అన్నాను. "కొత్తది పెట్టు."

అప్పుడు అర్థమైంది ఆ పిల్లకు. ఫోన్ నా చేతిలో పెట్టి, "అయితే నువ్వే కొట్టు పెద్దమ్మా. నేను చూడ," అని గోడవైపు తిరిగి నిలబడింది.

నేను ఏదో కొట్టాను. ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అవే.

"ఎనిమిది అక్షరాలుండాలె పెద్దమ్మా," అంది వెనక్కి తిరగకుండానే. "జర నిదానంగ కొట్టు."

పాతదే పెట్టు బిడ్డా అంటే అయిపోయేది. నేను అనలేదు. ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, తర్వాతి అక్షరం వెతుక్కున్నాను.