కాడి కట్టి చూసిన మోటారు

మా ఇన్‌ఛార్జి ఆ రేకు బొమ్మ లారీని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "నోరైతే ఉంది కదమ్మాయ్, చేతులు కూడా ఉన్నాయేమో చూద్దాం" అన్న రోజు నాకు సరిగ్గా ఇరవై ఏళ్ళు. డెబ్బైల మొదట్లో సంగతి. కూకట్‌పల్లి దాటాక ఉన్న ఒక రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో నేను తీగ చుట్టే పనిలో ఉండేదాన్ని. వెంట్రుకంత సన్నటి రాగి తీగను చిన్న చిన్న బాబిన్ల మీద వరుస తప్పకుండా చుట్టాలి. మా సెక్షన్‌లో పద్నాలుగు మందిమీ ఆడవాళ్ళమే. గోడకు అవతల టెస్టింగ్ సెక్షన్. అక్కడ అందరూ మగవాళ్ళే. మేము చుట్టింది బాగుందో లేదో వాళ్ళు మీటరు పెట్టి చెప్పేవారు. వాళ్ళకు కుర్చీలు, మాకు స్టూళ్ళు.

ఆ టెస్టింగ్‌లో ఒక ఖాళీ వచ్చింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకే పరీక్ష పెట్టి తీసుకుంటామని నోటీసు అంటించారు. నేను పోయి పరీక్ష కాగితం అడిగాను. నోరుందని ఆయన అన్నది అందుకే.

ఇన్‌ఛార్జిది కృష్ణా జిల్లా. చెడ్డమనిషని అనను. ఎవరొచ్చినా మమ్మల్ని చూపించి, "మా ఆడపిల్లలు చుట్టినంత నీటుగా దేశంలో ఎవరూ చుట్టలేరండి" అని పొగిడేవాడు. ఆ పొగడ్తతోనే మమ్మల్ని స్టూళ్ళకు కట్టేశాడు. తిట్టినా బాగుండేది, తిరిగి ఒక మాట అనేదాన్ని.

ఆ లారీ స్టోరులో ఎన్నాళ్ళ నుంచో దుమ్ము కొట్టుకుని పడి ఉంది. ఎవరో ఇంజనీరు విదేశం నుంచి తెచ్చి వదిలేసి పోయాడట. చేతిలో పెట్టె పట్టుకుని మీట కదిపితే, మధ్యలో ఏ తీగా లేకుండా, రేడియోతోనే నడుస్తుంది. నడవడమైతే నడుస్తుంది, తిరగదు. ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న యంత్రాన్ని సర్వో అంటారు. ఈ లారీలో దాని మోటారు కాలిపోయింది, పళ్ళ చక్రాలు అరిగిపోయాయి. నెలాఖరున మా అందరి కుటుంబాలనూ పిలిచి ఫ్యాక్టరీ చూపించే రోజు ఒకటి ఉంది. ఆ రోజు ఈ లారీ హాలులో తిరిగితే నాకు పరీక్ష కాగితం. తిరగకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఈ షరతు ఆయన అందరి ముందూ పెట్టాడు. నేనూ అందరి ముందే సరే అన్నాను.

నా పక్క స్టూలు మీద కూర్చునే అక్కది గుంటూరు వైపు. ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచీ తీగ చుడుతున్న మనిషి. మోకాలితో ఒక్క పోటు పొడిచింది నన్ను.

"నీకేం పోయేకాలమే! లారీలు తిప్పే మొహాలటే మనవి?"

"నాది తిప్పే మొఖమే అక్కా. నీది నువ్వు సూస్కో."

కొత్త సర్వో ఇక్కడ దొరకదు. విదేశం నుంచి తెప్పించుకోవాలంటే నా తరమూ కాదు, మా నాయన తరమూ కాదు. ఇన్‌ఛార్జికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే అంత ధీమా. నాకు దాంతోనే ఒళ్ళు మండింది. పాత సర్వోను విప్పి చూశాను. మోటారుకు ఆజ్ఞలిచ్చే భాగం బాగానే పనిచేస్తోంది. అంటే నాకు కావలసింది చవకలో ఒక మోటారు, దానికి పళ్ళ చక్రాలు. అంతే.

మా ఫ్యాక్టరీకి గురువారం సెలవు. పాతబస్తీలో జుమ్మేరాత్ బజార్ జరిగేదీ గురువారమే. నేల మీద గోనెపట్టాలు పరిచి, పాత తాళాల నుంచి మిలిటరీ తుక్కు దాకా అన్నీ అమ్ముతారు. అక్కడ ఒక ముసలాయన దగ్గర మూడు రకాల మోటార్లు కనిపించాయి. ఒకటి టేప్ రికార్డర్‌లోంచి తీసింది, తళతళలాడుతోంది, తెల్లటి ప్లాస్టిక్ పళ్ళ చక్రాలతో సహా. ఇంకొకటి కారు అద్దం తుడిచేది, లావుపాటిది. మూడోది ఏదో మిలిటరీ యంత్రంలోంచి ఊడబెరికింది. ఇత్తడి పళ్ళ చక్రాలు, వాటి నిండా నల్లటి జిడ్డు. ముసలాయన మొదటిదానికి సెల్లు తగిలించగానే గిర్రున తిరిగింది. నా కళ్ళూ దాంతోపాటే తిరిగాయి. కొనేశాను.

మరునాడే బిగించేశాను. మా సెక్షన్‌లో ఏది చూసినా బల్ల మీదే చూస్తాం. కాయిల్ బల్ల మీద పాసైతే పాసే. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ బిగిస్తారో, అక్కడది ఏం చేస్తుందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ అలవాటుతోనే లారీని బాబిన్ల డబ్బా మీద ఎత్తి పెట్టి, ముందు చక్రాలు గాలిలో ఉండగా మీట కదిపాను. కుడికి టక్, ఎడమకు టక్. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

చప్పట్లు విని ఇన్‌ఛార్జి వచ్చాడు. లారీని డబ్బా మీది నుంచి తీసి షాబాదు బండల మీద పెట్టాడు. "ఇప్పుడు తిప్పు" అన్నాడు. నేను మీట కదిపాను. మోటారు కీచుమని ఏడ్చింది. చక్రాలు వెంట్రుకవాసి కదల్లేదు. ఇంకాస్త కదిపితే లోపల ప్లాస్టిక్ చక్రం పళ్ళు పటుక్కుమని విరిగాయి.

"పోనీలే అమ్మాయ్. ఆ రోజుకి గుమ్మం ముందు మంచి ముగ్గు వేద్దురుగాని" అని వెళ్ళిపోయాడు.

బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను. సిగ్గుతో కాదు, కోపంతో. ఆయన మీద సగం, నా మీద సగం.

మాది చందానగర్. సాయంత్రం ఇంటికి చేరేసరికి నాయన ఎడ్లకు కుడితి పెడుతున్నాడు.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

అంతా చెప్పాను. సర్వో అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆయన చేయి కడుక్కుంటూ విన్నాడు.

"ఎత్తి పట్టుకుంటె తిరిగింది, కింద పెడితె తిరగలే. గంతేనా?"

"గంతే నాయనా."

"మరి కొనేటప్పుడు కాడి కట్టి సూడలేదా?"

మా నాయన అంగడిలో ఎద్దును కొనే తీరు నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అమ్మేవాడు కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి, అటూ ఇటూ ఉరికిస్తాడు. నాయన అటు చూడనే చూడడు. బరువేసిన బండికి కాడి కట్టించి, నిలబడ్డ చోటనే బండిని తిప్పమంటాడు. తిప్పగలిగిన ఎద్దుకే బేరం.

"ఉరుకుడు సూసి మోసపోయినవ్ బిడ్డా" అన్నాడు. "జర బరువు పెట్టి సూడు. తిరుగుతదా, లేదా? గదే సూడాలె. ఇగ ఫికర్ చెయ్యకు, బువ్వ తిను."

మళ్ళీ గురువారం వచ్చింది. లారీని సంచిలో పెట్టుకుని, రెండు ఇటుకలు కూడా వేసుకుని బస్సెక్కాను. కండక్టరు సంచి ఎత్తి చూసి, ఇల్లు కడుతున్నావా అన్నాడు. అవును, నీకేం అన్నాను. బజారులో ముసలాయన గోనెపట్టా ముందు చతికిలబడి, లారీలో ఇటుకలు పేర్చి, చక్రాలు తిప్పే కమ్మీకి ఒక్కొక్క మోటారునూ దారంతో కట్టడం మొదలుపెట్టాను. జనం మూగారు.

"దిమాగ్ ఖరాబైందా బేటీ? ఇటుకలెందుకు?"

"కాడి కట్టి సూస్తున్న చాచా. జర ఆగు."

కారు మోటారు ఇటుకలతో సహా తిప్పేసింది. కానీ నాలుగోసారికే సెల్లుల పని అయిపోయింది. కొత్త సెల్లులు వేసి జిడ్డు మోటారు కట్టాను. అది మెల్లగా, ముక్కుతూ మూలుగుతూ, కుడికి తిప్పింది. ఎడమకు తిప్పింది. పదిసార్లు తిప్పించాను, పదిసార్లూ తిప్పింది.

ముసలాయనే ఉండబట్టలేక, "గది స్లో ఉంది బేటీ. ఎవ్వరు తీస్కపోరు" అన్నాడు.

"నాకు గదే కావాలె."

ఎవరికీ అక్కర్లేని వస్తువు కాబట్టి మూడింటిలోకీ అదే చవక. ఇటుకలు కూడా ఆయనకే వదిలేసి వచ్చాను.

అది లారీలో పట్టలేదు. అడుగు రేకు కత్తిరించి చోటు చేశాను. మధ్యాహ్నం అన్నాల వేళల్లోనే ఈ పనంతా. అక్క నన్ను తిట్టడం ఆపలేదు గాని పట్టకారు మాత్రం వదలకుండా పట్టుకుని కూర్చునేది. "ఇదిగాని తిరక్కపోతే ఈ పట్టకారుతోనే నీ చెవులు పీకుతానే" అనేది. ఈసారి నేను బల్ల మీద పరీక్షించనే లేదు. ఎప్పుడు చూసినా నేల మీదే, నిండు బరువుతోనే.

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండా జనం. నేను లారీ నిండా మా సెక్షన్ రాగి తీగ చుట్టలు నింపి షాబాదు బండల మీద వదిలాను. స్తంభం దగ్గరికి వెళ్ళాక మీట కదిపాను. చక్రాలు తొందరేమీ లేనట్టు పక్కకు తిరిగాయి. లారీ స్తంభం చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఇంకొక చుట్టు తిరిగి, వచ్చి ఇన్‌ఛార్జి బూట్ల ముందు ఆగింది. జనం గోల గోల చేశారు. ఆయన చేతిలో పరీక్ష కాగితం ఉంది. మాట మీద నిలబడే మనిషేలే అనుకుంటూ చేయి చాపాను.

ఆయన కాగితం ఇవ్వలేదు. నవ్వుతూ, "నిజం చెప్పమ్మాయ్. టెస్టింగ్‌లో ఎవరిచేత చేయించావ్?" అన్నాడు.

అప్పుడు నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అక్కడే నేల మీద కూర్చున్నాను. లారీని బోర్లించి, నాలుగు మరలూ విప్పి, సర్వోను ఊడదీసి, ఇత్తడి చక్రాలు ఒక్కొక్కటీ నా కొంగులో పోసుకున్నాను. కొంగు ఆయన ముందు పట్టాను.

"ఎవరు చేసిన్రో వాళ్ళను పిలవుండ్రి సార్. వచ్చి బిగించమనుండ్రి. కాదంటె మీరే బిగించుండ్రి."

టెస్టింగ్ వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఇన్‌ఛార్జి అటు చూసి, ఇటు చూసి, "నేనెందుకు బిగిస్తాను? అది నా పనా?" అన్నాడు.

"కాదు సార్. నా పని."

చక్రాలను కొంగులోంచి తీసి, ఏది ఎక్కడిదో చూసుకుంటూ, నిదానంగా మళ్ళీ బిగించాను. తొందరపడలేదు. నన్నెవరూ తొందరపెట్టలేదు కూడా. లారీని నేల మీద పెట్టి, తీగ చుట్టలు మళ్ళీ నింపి, ఇంకొక చుట్టు తిప్పి చూపించి లేచి నిలబడ్డాను. ఆయన కాగితం ఇచ్చాడు.

అప్పుడు నా వెనక నుంచి ఒక చేయి ముందుకు వచ్చింది. అక్కది. ఇన్నేళ్ళుగా తీగ చుట్టీ చుట్టీ వేళ్ళ మీద సన్నటి గీతలు పడ్డ చేయి.

"నాకూ ఒకటి ఇవ్వండి సార్" అంది.

ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఇన్‌ఛార్జి తెచ్చింది ఒక్క కాగితమే. మిగిలినవాటి కోసం ఆయన మళ్ళీ ఆఫీసు గదికి నడవాల్సి వచ్చింది.